డాలరు 90 దాటింది, ఆరు నెలల సరుకు ముందే కొనేయాలా?

ప్రశ్న: అయ్యా, నాది విజయవాడ ఆటోనగర్‌లో బేరింగుల షాపు. లారీలు, ట్రాక్టర్లు, మోటార్లకు వేసేవి అమ్ముతాను. సరుకులో సగానికి పైగా చైనాదే. నేరుగా తెప్పించను, చెన్నైలో ఒక ఇంపోర్టరు దగ్గర తీసుకుంటాను. డాలరు 90 దాటాక ఆయన రేట్లు పెంచాడు, మళ్లీ పెంచుతానంటున్నాడు. ఇంకా పెరగకముందే ఆరు నెలల సరుకు కొని పడేయమని మా బావమరిది పోరుతున్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు కూడా తనే ఇప్పిస్తానంటున్నాడు. మా అమ్మాయి బీకాం చదువుతోంది. రూపాయి తగ్గితే దిగుమతులు ప్రియమై, జనం కొనడం తగ్గిస్తారని, దేశానికి దిగుమతులు తగ్గుతాయని వాళ్ల పుస్తకంలో ఉందట. పేపర్లో చూస్తేనేమో దిగుమతులు పెరిగాయనే రాస్తారు. నా అమ్మకాలు కూడా పెద్దగా తగ్గలేదు. ఎవరి మాట నమ్మాలి? కొనాలా, ఆగాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: అప్పు చేసి మాత్రం కొనకండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, దానికి ముందు మీ అమ్మాయి పుస్తకం సంగతి తేల్చాలి. అందులో ఉన్నది తప్పు కాదు. కాకపోతే దానికో షరతు ఉంది, పరీక్షల హడావిడిలో అందరూ దాన్ని దాటేస్తారు. రూపాయి ఎంత పడిందన్నది సగం సంగతే. ఆ సరుకు లేకుండా జనం ఎంతకాలం నెట్టుకురాగలరు, దాని బదులు ఇంకోటి దొరుకుతుందా, పెరిగిన ధర అసలు కొనేవాడి దాకా వస్తుందా, మిగతా సగం వీటిలో ఉంది.

మీ సరుకుతోనే చూద్దాం. చైనా వాడు ఒక బేరింగుకు 2 డాలర్లు అడుగుతాడనుకోండి. డాలరు 85 ఉన్నప్పుడు అది 170 రూపాయలు. లెక్క తేలిగ్గా ఉండటానికి కస్టమ్స్ సుంకం 10 శాతం అనుకుంటే 17 రూపాయలు, మొత్తం 187. డాలరు 90 అయితే సరుకు 180, సుంకం 18, మొత్తం 198. పెరిగిన 11 రూపాయల్లో ఒక రూపాయి సుంకం తాలూకుది. సుంకం శాతం ఎవరూ పెంచలేదు, అయినా పెరిగింది. సరుకు విలువను రూపాయల్లోకి మార్చాకే కస్టమ్స్ వాళ్లు సుంకం లెక్క కడతారు మరి. దిగుమతి మీద వేసే జీఎస్టీ, అదే ఐజీఎస్టీ, కూడా అంతే. అది తర్వాత క్రెడిట్‌గా తిరిగొస్తుంది గానీ, వచ్చేదాకా ఇంపోర్టరు డబ్బు అందులో ఇరుక్కుని ఉంటుంది.

ఇప్పుడు అలాంటి బేరింగులు దేశమంతా కలిపి 100 తెప్పించేవాళ్లు, ధర పెరిగింది కాబట్టి 97 తెప్పించారనుకుందాం. చైనాకు వెళ్లే డాలర్లు 200 నుంచి 194కి తగ్గాయి. మరి రూపాయల్లో? సుంకం పక్కన పెట్టి చూస్తే 17,000 ఉన్నది 17,460 అయింది. సరుకు తగ్గింది, డాలర్ల బిల్లు తగ్గింది, రూపాయల బిల్లు పెరిగింది. మూడూ నిజమే. పేపర్లో దిగుమతుల వార్త కనిపిస్తే అది డాలర్లలో రాశారా, కోట్ల రూపాయల్లో రాశారా అని ముందు చూడమని అమ్మాయికి చెప్పండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ధర 6 శాతం పెరిగినప్పుడు కొనుగోలు 3 శాతమే తగ్గింది కదా, వాళ్ల పుస్తకంలో డిమాండ్ వ్యాకోచత్వం అని ఉండేది ఇదే. ఇక్కడ 3ని 6తో భాగిస్తే అర. అది ఒకటి కంటే తక్కువైతే రూపాయి పడినప్పుడు రూపాయల బిల్లు పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది.

ఇక ఏ సరుకుకు ఎంత తగ్గుతుందనేది పుస్తకంలో దొరకదు, మీ కౌంటరు దగ్గర దొరుకుతుంది. హబ్ బేరింగు పోయి లారీ షెడ్డులో నిలబడిపోయిందనుకోండి. మేస్త్రీ బేరింగు నంబరు రాసిచ్చిన చీటీ పట్టుకుని కుర్రాడు మీ దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. అక్కడ లోడు దిగాలి, కిస్తీ కట్టాలి, డ్రైవరు బత్తా నడుస్తోంది. బేరింగు ధర యాభై పెరిగిందని ఓనరు లారీని ఇంకో రోజు నిలబెట్టుకోడు. అదే మోటారు వైండింగ్ షాపు వాడైతే 6202, 6205 లాంటి మామూలు నంబర్లు డబ్బాల లెక్కన తీసుకుంటాడు. అవి మన దేశంలోనూ తయారవుతాయి. చైనా సరుకుకీ ఇక్కడి సరుకుకీ తేడా నలభై రూపాయలు ఉన్నంతకాలం చైనాది అడుగుతాడు, పది రూపాయలకు దిగిందంటే రెండో మాట లేకుండా మారిపోతాడు. ఒకే షాపు, ఒకే డాలరు, ఒకే నెల. ఒక సరుకుకు అమ్మకం కదల్లేదు, ఇంకోదానికి సగమైంది. దేశం లెక్క అంటే ఇలాంటి కౌంటర్లన్నీ కలిపిన లెక్కే.

వంటనూనె చూడండి. మన దేశం వాడే నూనెలో సగానికి పైగా బయటి నుంచే రావాలి. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సన్‌ఫ్లవర్ ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి వస్తుంది. మనవైపు కృష్ణపట్నం, కాకినాడ రేవుల్లో దిగి, అక్కడి రిఫైనరీల్లో శుద్ధయి ప్యాకెట్లలోకి ఎక్కుతుంది. డాలరు పెరిగిందని బెజవాడలో ఏ ఇంట్లోనూ పప్పుకు తాలింపు మానరు. సన్‌ఫ్లవర్ మరీ ప్రియమైతే కొన్ని ఇళ్లు పామాయిల్‌కో తవుడు నూనెకో మారతాయి. పునుగుల బండివాడు మొదటి నుంచీ పామాయిలే, ఆయనకు దిగడానికి కింద మెట్టు లేదు. అంటే నూనె మొత్తం మీద తగ్గదు, ఏ నూనె, ఏ దేశం నుంచి అన్నది మారుతుంది. మధ్యలో ప్రభుత్వం చెయ్యి కూడా ఉంటుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద సున్నా ఉన్న బేసిక్ కస్టమ్స్ సుంకాన్ని 20 శాతం చేశారు, 2025 మే నెలాఖరులో 10కి దించారు. ఒక్క నోటిఫికేషన్‌తో పది శాతం అటో ఇటో. రూపాయి అంత కదలాలంటే మామూలు రోజుల్లో మూడేళ్లు పడుతుంది. అందుకే నూనె వ్యాపారి డాలరు కంటే ఢిల్లీ వైపే ఎక్కువ చూస్తాడు.

ఈ నూనెలోనే కాలం చేసే పని కూడా కనిపిస్తుంది. ఏలూరు జిల్లాలో పెదవేగి, జంగారెడ్డిగూడెం వైపు వెళ్తే పామాయిల్ తోటలే తోటలు. దేశంలో పామాయిల్ ఎక్కువ పండేది మన రాష్ట్రంలోనే. గెలల ధర ముడి పామాయిల్ ధరతో ముడిపడి ఉంటుంది కాబట్టి, రూపాయి తగ్గి దిగుమతి నూనె ప్రియమైతే ఇక్కడి రైతు చేతికి వచ్చే రేటు కూడా లేస్తుంది. అది చూసి ఇంకొకరు మొక్కలు పెడతారు. కానీ మొక్క పెట్టాక మొదటి గెల కోయడానికి మూడు నాలుగేళ్లు కాచుకోవాలి. ఇవాళ్టి డాలరుకు దిగుమతి ఇవాళ తగ్గదు, తగ్గితే ఎప్పటికో తగ్గుతుంది. ఆ లోపల రూపాయి మళ్లీ బలపడినా, సుంకం మళ్లీ దిగినా ఆ రైతు చిక్కుల్లో పడతాడు. దిగుమతులు తగ్గించుకోవాలని ఉపన్యాసాలిచ్చే వాళ్లు ఈ నాలుగేళ్ల సంగతి ఎందుకో ఎత్తరు.

కొన్ని సరుకుల్లో పెరిగిన ధర కొనేవాడికి కనపడనే కనపడదు. ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. పెట్రోలు ధరను 2010లో, డీజిలు ధరను 2014లో మార్కెట్టుకు వదిలేశామన్నారు గానీ బంకులో రేటు నెలల తరబడి కదలకుండా ఉండటం మీరే చూశారు. గుంటూరు మిర్చి రైతు డీఏపీ ఎరువు బస్తాకు ఇచ్చేది 1,350 రూపాయలు, డాలరు 76 ఉన్నప్పుడూ అంతే, 90 అయినప్పుడూ అంతే. మిగతాది సబ్సిడీ పద్దులో పడుతుంది. ధర తెలియని చోట వాడకం తగ్గదు.

బంగారం దారి వేరు. గవర్నర్‌పేట కొట్లలో చూస్తే రేటు పెరిగిన రోజున కొనేవాళ్లు తగ్గుతారు, నిజమే. కానీ రూపాయి ఇంకా పడుతుందని జనానికి అనుమానం పట్టుకుంటే అదే బంగారం కోసం ఎగబడతారు కూడా, మీ బావమరిది బేరింగుల కోసం ఎగబడుతున్నట్టే. 2013లో ఇదంతా జరిగింది. మే నెలలో 55 దగ్గర ఉన్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు, ఆయన పదవీకాలం ఆఖరి రోజులవి. రూపాయి పడితే దిగుమతులు వాటంతట అవే తగ్గుతాయని చేతులు కట్టుకుని కూర్చోలేదు. బంగారం మీద సుంకాన్ని కేంద్రం ఆ ఏడాదే విడతలుగా 10 శాతానికి తెచ్చింది. తెచ్చిన బంగారంలో ఐదో వంతు ఎగుమతిదారులకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆయిల్ కంపెనీలు డాలర్ల కోసం బజార్లో పడి రేటు ఇంకా ఎగదోయకుండా వాటికి డాలర్లు తనే విడిగా ఇచ్చింది. 2012-13లో జీడీపీలో 4.8 శాతం ఉన్న కరెంటు ఖాతా లోటు (సరుకులు, సేవల వంటి లావాదేవీల్లో దేశానికి వచ్చే డాలర్ల కంటే పోయేవి ఎంత ఎక్కువో ఆ తేడా) మరుసటి ఏడాది 1.7కి దిగింది. దాన్ని రూపాయి పతనం చేసిన మేలుగా చెప్పేవాళ్లున్నారు. నా లెక్కలో ఎక్కువ పని చేసింది సుంకం, ఆంక్షలే. వాటి వల్ల దొంగ బంగారం పెరిగిందనుకోండి, అది వేరే కథ.

1991 కూడా అలాంటిదే. జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. 1991-92లో దిగుమతులు డాలర్ల లెక్కన ఐదో వంతు దాకా తగ్గాయి. పుస్తకం చెప్పినట్టే జరిగిందనిపిస్తుంది గానీ, అప్పటికే దిగుమతుల మీద గట్టి ఆంక్షలు ఉన్నాయి, చేతిలో డాలర్లే లేవు. కొనాలన్నా కొనలేని రోజులవి.

మీ అమ్మాయికి పేపరు అయోమయంగా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. డాలరు పెరిగి దిగుమతి తగ్గడం ఒక వైపు. దిగుమతులు ఎక్కువై డాలర్లకు గిరాకీ పెరగడం వల్ల డాలరు లేవడం రెండో వైపు. రెండూ ఒకే నెలలో నడుస్తుంటాయి. దూరం నుంచి చూసేవాడికి రూపాయి పడ్డాక దిగుమతులు పెరిగినట్టు కనిపిస్తుంది. ఏది ముందు ఏది వెనక అన్నది విడదీయకుండా టీవీలో చర్చలు పెట్టి, దేశం పరువు దాకా తీసుకెళ్తారు. మీరు ఆ టెన్షన్ పెట్టుకోకండి.

మీ షాపుకు డాలరు ఒక్కటే చాలదు, చైనా కరెన్సీ యువాన్ కూడా చూడాలి. చైనా ఫ్యాక్టరీ వాడు రేటు డాలర్లలో చెప్తాడు గానీ జీతాలు, ఉక్కు, కరెంటు బిల్లు కట్టేది యువాన్లలో. డాలరు మీద రూపాయితో పాటు యువాన్ కూడా తగ్గితే, ఆయన డాలరు రేటును కొంచెం దించగలడు, బేరం గట్టిగా ఆడితే దించుతాడు కూడా. అలాంటప్పుడు డాలరు ఎక్కినంతా మీ దగ్గర ఎక్కదు. యువాన్ నిలబడి రూపాయి ఒక్కటే పడితే మాత్రం దెబ్బ పూర్తిగా మీదే.

దీనికి ఇంకో పొర ఉంది. చైనాలో కొన్నేళ్లుగా ధరల పెరుగుదల ఇంచుమించు సున్నా. మన దగ్గర ఖర్చులు ఏడాదికి 5 శాతం పెరిగి, యువాన్‌తో రూపాయి 3 శాతమే తగ్గిందనుకోండి, రూపాయి పడినా సరే మన సరుకుతో పోలిస్తే చైనా బేరింగు ఆ ఏడాది 2 శాతం చౌకైనట్టే. ఇన్నేళ్లుగా రూపాయి తగ్గుతూ వస్తున్నా మీ అరల్లో చైనా డబ్బాలు తగ్గకపోవడానికి ఇదో పెద్ద కారణం. రిజర్వు బ్యాంకు 40 దేశాల కరెన్సీలతో రూపాయిని పోల్చి, ధరల తేడా కూడా కలిపి ఒక సూచీ ఇస్తుంది. దాని పేరు వాస్తవ ప్రభావక మారకపు రేటు. దిగుమతులు ఎటు పోతాయో తెలుసుకోవాలంటే టీవీ తెర కింద పరిగెత్తే డాలరు రేటు కన్నా అదే నయం. అమ్మాయికి ప్రాజెక్టు చేయాల్సి వస్తే ఇది మంచి విషయం.

ఇప్పుడు అప్పు లెక్క. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. ఆరు నెలల సరుకు ఒకేసారి కొని, నెలనెలా అమ్మిన డబ్బు అమ్మినట్టే అప్పుకు కట్టేసినా, సగటున మూడు మూడున్నర నెలల వడ్డీ పడుతుంది. అంటే ఆరేడు శాతం. అది గిట్టాలంటే 90 దగ్గర కొన్న సరుకుకు రాబోయే ఆరు నెలల్లో డాలరు సగటున 96 దాకా ఉండాలి. ఆరో నెలలో ఒకసారి 96 తాకితే సరిపోదు, సగటే అంత ఉండాలి. అదీ మీ రేటంతా డాలరుతోనే కదిలితే. చెన్నై గోడౌను అద్దె, విజయవాడ లారీ కిరాయి, ఇంపోర్టరు లాభం రూపాయల్లోనే ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే కావాలి. 2014 నుంచి చూసుకుంటే రూపాయి డాలరు మీద ఏడాదికి సగటున 3 శాతం చిల్లర తగ్గుతూ వచ్చింది, అంటే ఆరు నెలలకు ఒకటిన్నర శాతం. మీరు కట్టే వడ్డీలో అది పావు వంతు కూడా కాదు.

ఒక్కో ఏడాది దానికంటే చాలా ఎక్కువే పడుతుంది, కాదనను. కానీ వెనక్కి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2013 ఆగస్టు నెలాఖరు గాభరాలో 68 దగ్గర సరుకు నింపుకున్న వ్యాపారి అక్టోబరులో డాలరు 62 కిందికి దిగడం చూశాడు. పక్క షాపు వాడు కొత్త రేటుకు తెచ్చి తక్కువకు అమ్ముతుంటే, ఈయన పాత రేటు సరుకు మీద వడ్డీ కట్టుకుంటూ కూర్చున్నాడు. పైగా బేరింగుల్లో ఇంకో తలనొప్పి. పోయే నంబర్లు నెలలో పోతాయి, పోని నంబర్లు గ్రీజు గట్టిపడేదాకా అరలోనే ఉంటాయి. ఆరు నెలల సరుకంటే రెండోవి కూడా కొన్నట్టే.

చేతిలో సొంత డబ్బు ఉంటే, ఇక్కడ తయారు కాని, లారీ ఆగితే తప్పనిసరిగా అడిగే నంబర్లు మాత్రం మామూలుకంటే ఒక నెల ఎక్కువ పెట్టుకోండి. వైండింగ్ షాపుల వాళ్లు తీసుకునే మామూలు నంబర్లలో చైనా సరుకు పెంచకండి, ఇక్కడి కంపెనీల సరుకు కొంచెం తెచ్చి అరలో పెట్టండి. గిరాకీ మొదట మళ్లేది అక్కడే.

చెన్నై ఆయన్ని ఒక మాట అడగండి. ఇప్పుడు గోడౌనులో ఉన్నది ఎప్పటి ఆర్డరు, డబ్బు కట్టేశాడా, ఇంకా కట్టాలా? చైనాలో ఆర్డరు పెట్టాక ఓడెక్కి, చెన్నై రేవులో దిగి, కస్టమ్స్ దాటి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. డబ్బు పాత రేటుకే కట్టేసి ఉంటే, ఇప్పుడు పెంచింది ఆయన లాభమే. 90 రోజుల ఎల్‌సీ (బ్యాంకు హామీ మీద సరుకు తెచ్చి, డబ్బు 90 రోజులకు కట్టే పద్ధతి) మీద తెచ్చి ఉంటే మాత్రం సరుకు పాతదైనా డాలర్లు కొనాల్సింది ఇప్పుడే, ఆయన్ని తప్పుపట్టలేం. తర్వాత కొనే డాలర్లకు ముందే రేటు కట్టుకునే ఫార్వర్డ్ బ్యాంకులో బుక్ చేసుకున్నాడంటే రేటు అప్పుడే ఖాయమైపోయింది, ఇవాళ్టి డాలరు పేరు చెప్పి పెంచడానికి లేదు. డాలరు దిగినప్పుడు తగ్గిస్తారా అని కూడా అడిగి చూడండి. ఆ జవాబు ఎంత నసుగుతూ వస్తుందో దాన్ని బట్టి రెండో ఇంపోర్టరును వెతుక్కోవాలో లేదో తెలిసిపోతుంది.

ఇక మీ వైపు నుంచి, కొటేషన్ల మీద వారం రోజుల వరకే ఈ రేటు అని రాయడం మొదలుపెట్టండి. ట్రాన్స్‌పోర్టు ఓనర్ల అరువు ఖాతాలు ఒకసారి తిరగేయండి. మూడు నెలల తర్వాత చేతికొచ్చేది పాత రేటు డబ్బు, దాంతో మీరు తెచ్చుకోవాల్సింది కొత్త రేటు సరుకు. అరువు గడువు నెలకు కుదించండి, ఒప్పుకోని వాళ్లకు నగదు రేటు ఒకటి, అరువు రేటు ఒకటి అని ముందే చెప్పేయండి.